వయొలిన్ పాఠాలు: ఒక చోట మానేసి, నాలుగు చోట్ల చూసి, చివరికి చేరిన చోటు గురించి

మా అమ్మాయిని ఎనిమిదో ఏట వయొలిన్‌లో చేర్పించాము. మొదట చేరిన సంస్థలో 10 నెలలు నేర్చుకుని మానేసింది. ఆ తరువాత రెండు నెలలు వెచ్చించి నాలుగు చోట్ల పరిచయ పాఠాలు చూశాము. వాటిలో ఒక మాస్టారి దగ్గర చేరి ఇప్పటికి 14 నెలలయింది. ఈ ఐదు చోట్ల నేను గమనించినది ఇప్పుడు పిల్లలను చేర్పించబోయేవారికీ, తామే నేర్చుకోదలచిన పెద్దలకూ పనికివస్తుందని వివరంగా రాస్తున్నాను. నాకు సంగీతంలో శిక్షణ లేదు, చిన్ననాటి నుంచి వినే అలవాటు మాత్రం ఉంది. పాఠం జరిగినంతసేపూ పక్కన కూర్చుని చూసిన తల్లిగానే ఇది రాస్తున్నాను.

మొదటి సంస్థలో పైకి చూస్తే లోపమేమీ కనిపించలేదు. గదులు శుభ్రంగా ఉండేవి, పాఠం చెప్పిన వేళకు మొదలయ్యేది, ఏడాది పాఠ్యప్రణాళికను అచ్చువేసి చేతికిచ్చారు, మూడు నెలలకొకసారి పిల్లల చేత వేదిక మీద వాయింపించేవారు. తరగతికి 11 మంది పిల్లలు, 45 నిమిషాల సమయం. లెక్క వేస్తే ఒక్కొక్కరికి నాలుగు నిమిషాలు వస్తాయి. చిన్న పిల్లలు బిరడాలు (తీగలను బిగించే చెక్క పిడులు) తిప్పలేరు కనుక 11 వయొలిన్లనూ మాస్టారే శ్రుతి చేయాల్సి వచ్చేది, ఆ నాలుగు నిమిషాల్లో సగం దానికే సరిపోయేది. మిగిలిన సమయమంతా అందరూ కలిసి సరళీ స్వరాలు, అంటే కర్ణాటక సంగీతంలో మొట్టమొదటి స్వరాభ్యాసాలు, వాయించేవారు. 11 కమాన్లు (తీగల మీద లాగే కర్రలు) ఒకేసారి కదులుతున్నప్పుడు ఏ కమాను గీరుకుంటోందో, ఎవరి వేలు స్థానం తప్పిందో ఎంత పండిన చెవికైనా పట్టుకోవడం కష్టం. వాయించే పిల్లలకైతే తమ నాదం తమకే వినపడదు.

ఏడో నెలలో అమ్మాయి కుడి బొటనవేలు నొప్పిగా ఉందని చెప్పింది. దగ్గరగా చూస్తే ఆ వేలు కణుపు దగ్గర వెనక్కి విరిగినట్టు వంగి, గోరు తెల్లబడేంత బిగుతుగా కమాను కర్రకు అతుక్కుని ఉంది. చిటికెనవేలు కర్రను వదిలేసి గాలిలో నిలబడి ఉంది. ఆ సంస్థలో అడిగితే సాధన చేయగా చేయగా అదే సర్దుకుంటుందని సమాధానం వచ్చింది. అది సర్దుకోదు. రోజూ అరగంట చొప్పున ఏడు నెలలు ఒక పట్టును అభ్యసిస్తే చేతికి అలవాటయ్యేది ఆ పట్టే. దాన్ని విడిపించడానికి తరువాతి మాస్టారికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలూ అమ్మాయి కొత్త పాఠం ఒక్కటి కూడా వాయించలేదు. తనతోపాటు చేరిన పిల్లలు గీతాలలోకి, అంటే స్వరాభ్యాసాల తరువాత నేర్పే చిన్న పాటలలోకి, వెళ్లిపోతున్నారని తెలిసి ఒకటి రెండుసార్లు కళ్లనీళ్లు పెట్టుకుంది కూడా. ఆ బాధ మరో పిల్లకు కలగకూడదన్నదే నేనిది రాయడానికి అసలు కారణం.

కమాను పట్టుకు ఇంత ప్రాధాన్యం ఎందుకో ఆ సమయంలోనే నాకు తెలిసింది. కమాను దాదాపు 75 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది, బరువు 60 గ్రాముల దరిదాపుల్లో ఉంటుంది. దాన్ని ఒక చివరన మాత్రమే పట్టుకోవాలి. చేతి దగ్గరి భాగంతో వాయించేటప్పుడు కమాను బరువంతా తీగ మీద పడబోతుంది, దాన్ని చిటికెనవేలు కాయాలి. దూరపు కొన తీగ మీదకు వచ్చేసరికి అక్కడ బరువు చాలదు, చూపుడువేలు కొద్దిగా అదిమి దాన్ని అందించాలి. ఈ రెండింటికీ నడుమ ఇరుసులా ఉండేది బొటనవేలు. అది బిగుసుకుపోతే మణికట్టు వంగదు, మణికట్టు వంగకపోతే కమాను దిశ మారే ప్రతిచోటా కీచుమనే గీర వినిపిస్తుంది. కొత్తగా నేర్చుకునేవారి వయొలిన్ చెవికి ఇంపుగా లేకపోవడానికి చాలావరకు ఇదే కారణం. అది ప్రతిభకు సంబంధించిన సంగతి కాదని, ఒక వేలి కణుపుకు సంబంధించినదని తెలిసినప్పుడు నాకు ఊరట, కోపం రెండూ కలిగాయి.

ఎడమ చేతి సంగతీ ఇంతే సున్నితమైనది. వీణకు తీగల కింద 24 మెట్లు (అడ్డంగా అమర్చిన లోహపు పట్టీలు) ఉంటాయి, వేలు కొంచెం అటూ ఇటూ పడినా స్వరం ఎక్కడుందో మెట్టు నిర్ణయిస్తుంది. వయొలిన్‌కు మెట్లు లేవు. పెద్దల వయొలిన్ మీద తీగ మొదట్లో ఒక స్వరస్థానానికీ పక్క స్వరస్థానానికీ మధ్య దూరం దాదాపు 18 మిల్లీమీటర్లు, తీగ సగానికి చేరేసరికి అది 9 మిల్లీమీటర్లకు తగ్గిపోతుంది. పిల్లల చిన్న వయొలిన్ల మీద ఇంకా తక్కువ. రెండు మిల్లీమీటర్లు జరిగిందంటే చెవికి తెలిసిపోతుంది. ఆ తేడాను పిల్ల చెవి పట్టుకోవాలంటే, తప్పు జరిగిన క్షణంలోనే దాన్ని వినిపించి, దిద్ది, సరైన స్వరాన్ని పక్కనే వినిపించే మనిషి ఎదురుగా ఉండాలి. ఆలస్యంగా దిద్దితే అప్పటికి తప్పు స్వరమే చెవికి అలవాటై, సరైన స్వరమే వింతగా తోస్తుంది.

అందువల్ల రెండోసారి వెతకడం మొదలుపెట్టినప్పుడు నేను పెట్టుకున్న కొలమానం ఒక్కటే: అరగంట పాఠంలో గురువు చూపు, చెవి ఎన్ని నిమిషాలు మా పిల్ల చేతుల మీద ఉంటాయి? వేదికలు, పత్రాలు, పరీక్షలు, గోడల మీది ఫొటోలు దాని తరువాతివి. ప్రతిచోటా గడియారం చూసి మనసులో లెక్క పెట్టుకున్నాను.

చోటు కంటే ముందు తేల్చుకోవలసినది సంప్రదాయం. పాశ్చాత్య పద్ధతిలో నాలుగు తీగలనూ జి, డి, ఎ, ఇ స్వరాలకు కడతారు. ఎ తీగకు 440 హెర్ట్జ్ ప్రమాణం, ప్రతి తీగకూ పై తీగకూ మధ్య పంచమం దూరం (స నుంచి ప వరకు ఉండేంత) ఉంటుంది. నిలబడి, గడ్డం కింద, భుజం మీద నిలిపి వాయిస్తారు, అచ్చులో ఉన్న గీతల సంకేతాలు చూసి వాయించడం మొదటి నుంచే నేర్పుతారు. కర్ణాటక పద్ధతిలో తీగలను సపసప (షడ్జం, పంచమం, మళ్లీ షడ్జం, పంచమం) అని కడతారు, శ్రుతిని, అంటే స ఎంత ఎత్తులో ఉండాలో, వాయించేవారు, పాడేవారు తమకు అనువుగా ఎంచుకుంటారు. నేల మీద కూర్చుని వయొలిన్ తలను (చుట్టలా ఉండే చివరను) కుడి పాదం మీద ఆనించడం వల్ల ఎడమ చేతికి వాయిద్యాన్ని మోసే పని ఉండదు, గమకాల కోసం (స్వరాన్ని ఊపుతూ, జారుస్తూ పలికించడం కోసం) అది తీగ మీద స్వేచ్ఛగా జారగలుగుతుంది. ఒకే వాయిద్యం, రెండు వేర్వేరు శరీరాభ్యాసాలు. ప్రసిద్ధ వాగ్గేయకారుడు ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడైన బాలుస్వామి దీక్షితులు (1786-1858) పాశ్చాత్య వయొలిన్ నేర్చుకుని దాన్ని కర్ణాటక సంగీతానికి మలిచినవారిలో ఆద్యుడు. ఆయన ముందు ఒక పద్ధతిని క్షుణ్ణంగా నేర్చుకున్న తరువాతే రెండోదానికి మలిచారన్నది మనం గమనించవలసిన విషయం. మొదటి రోజు నుంచీ రెండు పద్ధతులనూ ఒకే తరగతిలో నేర్పుతామని ఎవరైనా చెబితే, తీగలు ఎలా కడతారు, పిల్లను కూర్చోబెడతారా నిలబెడతారా అని అడగండి. మేము మానేసిన సంస్థలో కర్ణాటక పాఠాలకు కూడా పిల్లలను నిలబెట్టి, భుజానికి ఆనించి వాయింపించేవారు. అమ్మాయికి గమకం పట్టుబడకపోవడానికి అదీ ఒక కారణమని తరువాత తెలిసింది.

మేము కర్ణాటక సంగీతమే కావాలనుకున్నాము. అయినా పోల్చి చూడడానికి ఒక పాశ్చాత్య సంగీత పాఠశాలకు వెళ్లాము. అది పరీక్షల ఆధారంగా నడిచే చోటు. 1889లో లండన్‌లో ఏర్పడిన ఎబిఆర్‌ఎస్‌ఎమ్ అనే సంగీత పరీక్షల సంస్థ నిర్వహించే 8 గ్రేడుల పరీక్షలకు అక్కడ తయారుచేస్తారు. ఒక్కో విద్యార్థికి విడిగా అరగంట ఇస్తారు. అక్కడి టీచరు కమాను కదలికను ముక్కలు ముక్కలుగా విడదీసి నేర్పిన తీరు నాకు నచ్చింది. మోచేయి దాకా ఒక అభ్యాసం, మణికట్టుకు ఒక అభ్యాసం, వేళ్లకు మరొకటి, అన్నిటికీ క్రమం ఉంది. అయితే అరగంటలో ఆవిడ చూపు సగం సేపు పుస్తకం మీదనే ఉంది. మాకంటే ముందు పాఠం ముగించుకుని వచ్చిన పిల్లవాడిని ఈ ఏడాది ఏం నేర్చుకున్నావు బాబూ అని అడిగితే, పరీక్షకు పెట్టిన మూడు రచనల పేర్లు చెప్పి ఆగిపోయాడు. గ్రేడు పరీక్షలు మంచి కొలబద్దలే, వాద్యబృందంలో వాయించాలనుకునే పిల్లలకు సంకేతాలు చదివే నేర్పు తప్పనిసరి కూడా. ఏడాది మొత్తం మూడు రచనల చుట్టూ తిరగకుండా పరీక్షను ఒక మజిలీగా మాత్రమే చూసే టీచరు దొరికితే ఆ మార్గంలో వెళ్లేవారికి ఆ పాఠశాలను నేను సిఫార్సు చేస్తాను.

రెండోది ఒక కచేరీ విద్వాంసుడి ఇల్లు. ఆయన వాయిస్తుంటే గదిలో ఎవరమూ కదల్లేదు. కానీ ఆయన నేర్పే విధానం తాను వాయించడం, శిష్యులు విని వాయించడం. వర్ణాలు (గీతాల తరువాత వచ్చే పెద్ద రచనలు) దాటినవారికి అది గొప్ప అవకాశం. బొటనవేలు బిగుసుకుపోయిన తొమ్మిదేళ్ల పిల్లకు దానివల్ల ప్రయోజనం లేదు. ఆ సంగతి ఆయనే గ్రహించి, మూడు నాలుగేళ్ల తరువాత తీసుకురమ్మని మర్యాదగా చెప్పారు.

మూడోది ఆన్‌లైన్ పాఠం. దీని గురించి కొంచెం విపులంగా చెప్పాలి, ఎందుకంటే దగ్గరలో మంచి గురువు దొరకనివారు ఎందరో దీని మీదే ఆధారపడుతున్నారు. మొదటి ఇబ్బంది ధ్వనిది. వీడియో కాల్ యాప్‌లు మనిషి మాటను స్పష్టంగా వినిపించడానికి తయారైనవి, ఆగకుండా సాగే నాదాన్ని అవి ఫ్యాను రొదలాంటిదిగా భావించి తగ్గించేస్తాయి. అమ్మాయి మధ్య షడ్జం (మధ్య స్థాయి స) మీద కమానును నిండుగా లాగుతుంటే, అవతల టీచరుకు మొదటి అరసెకను మాత్రమే వినిపించి తరువాత నిశ్శబ్దం వచ్చేది. ధ్వనిని యథాతథంగా పంపే సెట్టింగు కొన్ని యాప్‌లలో ఉంటుంది, దాన్ని ఆన్ చేశాక చాలావరకు బాగుపడింది. రెండో ఇబ్బంది ఆలస్యానిది. మాటల్లో తెలియని ఆ కొద్దిపాటి ఆలస్యం కలిసి వాయించేటప్పుడు లయను పూర్తిగా చెడగొడుతుంది, అందువల్ల గురుశిష్యులు కలిసి వాయించడం, తాళం కలపడం అసాధ్యం, ఒకరి తరువాత ఒకరే వాయించాలి. మూడోది కెమెరాది. ఎదురుగా పెడితే కమాను బ్రిడ్జికి (తీగలను ఎత్తి పట్టే చెక్కముక్కకు) సమాంతరంగా వెళుతోందో లేదో తెలియదు, కుడి పక్కన పెడితే ఎడమ చేతి వేళ్లు కనిపించవు. మేము రెండు ఫోన్లు పెట్టి ఆ కొరత తీర్చాము.

ఇవన్నీ సర్దుకున్నా తీరని లోటు ఒకటి మిగిలింది. ఆ టీచరుకు తప్పు కనిపించింది, వివరంగా చెప్పారు కూడా. కానీ బొటనవేలిని పట్టి వంచడానికి ఆవిడ చేయి ఇక్కడికి చేరదు. పావుగంట మాటలతో ప్రయత్నించి, ఆవిడ నాతో ఇలా అన్నారు: “మీరు ఏమీ అనుకోకండి, ఒక ఆరు నెలలు పాపను దగ్గర కూర్చోబెట్టుకుని చేయి పట్టి దిద్దేవాళ్ల దగ్గర చేర్పించండి. పట్టు కుదిరాక నా దగ్గరికి తీసుకురండి, అప్పుడు నేను చెప్పగలిగింది చాలా ఉంటుంది.” వచ్చిన విద్యార్థిని వదులుకుని మరీ అంత నిజాయితీగా చెప్పిన ఆవిడ మీద నాకు ఈనాటికీ గౌరవం ఉంది. పట్టు కుదిరినవారికి, పెద్దవారికి, ముందు ఒక గురువు దగ్గర కొన్నేళ్లు నేర్చుకుని దూరానికి వెళ్లినవారికి ఆన్‌లైన్ పాఠం పనికివస్తుంది. మొట్టమొదటి ఏడాదికి మాత్రం నేను సలహా ఇవ్వను. ముందే రికార్డు చేసి అమ్మే పాఠాల సంగతి వేరే చెప్పనక్కరలేదు, అవి చూపిస్తాయి గాని చూడలేవు.

నాలుగోది మేము చేరిన చోటు. ఒక పెద్దాయన తన ఇంటి ముందుగదిలో నేర్పుతారు. బోర్డు లేదు. గదిలో ఒక చాప, ఒక శ్రుతిపెట్టె (ఆధార స్వరాన్ని ఆగకుండా వినిపించేది), గోడకు ఆనించి నిలువెత్తు అద్దం ఉన్నాయి.

పరిచయ పాఠం రోజు మొదటి పది నిమిషాలు ఆయన వయొలిన్ పెట్టె తెరవనివ్వలేదు. అమ్మాయి ఎడమ చేతి గోళ్లు చూసి, అవి పెరిగి ఉంటే వేలి కొన తీగ మీద నిలువుగా ఆనదని చెప్పి, అక్కడే కత్తిరింపించారు. శ్రుతిపెట్టె వేసి “ఏదీ, సా అను తల్లీ” అన్నారు. పది నెలల్లో ఎవరూ తనను పాడమని అడగలేదు కనుక అమ్మాయి నా వైపు చూసింది. “పాడలేని స్వరాన్ని వేలు వెతకలేదమ్మా. చెవికి ముందు తెలిస్తే వేలికి తరువాత తెలుస్తుంది” అని ఆయన తానే మూడుసార్లు పాడారు. నాలుగోసారి అమ్మాయి గొంతు కలిపింది. స, ప, పై స అయ్యాక ఒక పెన్సిలు చేతికిచ్చి కమాను పట్టినట్టు పట్టుకోమన్నారు. బొటనవేలు ఎప్పటిలాగే వెనక్కి వంగి బిగుసుకుంది. ఆయన తన చూపుడువేలిని దాని కింద పెట్టి, కణుపు బయటికి వచ్చేలా మెల్లగా వంచి, “నువ్వు పూలు కట్టేటప్పుడు దారం ఎంత గట్టిగా పడతావు? మరీ బిగిస్తే కాడ తెగిపోతుంది, వదిలేస్తే పువ్వు జారిపోతుంది. అంతే బలం, అంతకన్నా వద్దు” అన్నారు. అమ్మాయి చేయి మొత్తం ఒక్కసారిగా మెత్తబడడం నేను పక్కనుంచి చూశాను.

తరువాత వయొలిన్ తీయించి, వేళ్లేమీ పెట్టకుండా ఒక్క మధ్య షడ్జం తీగ మీద కమానును ఈ చివర నుంచి ఆ చివరకు ఎనిమిది అంకెలు లెక్కపెట్టేంత నిదానంగా లాగమన్నారు. ఆయన ఎదురుగా కూర్చోలేదు. కుడి పక్కన, కొంచెం వెనగ్గా కూర్చున్నారు. అక్కడి నుంచే కమాను బ్రిడ్జికి సమాంతరంగా సాగుతోందో, ఫింగర్‌బోర్డు (వేళ్లు నొక్కే పలక) వైపు జారిపోతోందో తెలుస్తుందట. జారినప్పుడల్లా మాట్లాడకుండా మోచేతిని ఒక్క వేలితో తాకేవారు. ముప్పై సార్లయినా తాకి ఉంటారు, ఒక్కసారి కూడా విసుగు లేదు. అమ్మాయిని అద్దం వైపు తిప్పి “ఇప్పుడు నువ్వే చూసుకుని నాకు చెప్పు, ఎప్పుడు జారుతోందో” అన్నాక, రెండు మూడు సార్లు “ఇప్పుడు జారింది మాస్టారూ” అని తనే చెప్పింది. చివరి పది నిమిషాల్లో గీర తగ్గి, తీగ లోపలి నుంచి వస్తున్నట్టు గుండ్రని నాదం రెండుసార్లు పలికింది. ఆ రెండుసార్లూ ఆయన కళ్లు మూసుకుని “అదీ” అన్నారు. పదేపదే ఒకే తీగ, ఒకే స్వరం వాయించిన ఆ పాఠంలో అమ్మాయికి విసుగు పుట్టలేదు. 40 నిమిషాల పాఠంలో ఆయన చూపు చేతుల మీద నుంచి తప్పింది నాతో మాట్లాడిన ఐదు నిమిషాలే.

ఆ ఐదు నిమిషాల్లో ఆయన రెండు సంగతులు చెప్పారు. మొదటిది వాయిద్యం గురించి. పాత సంస్థలో పిల్ల త్వరగా పెరుగుతుంది కదా అని ముప్పావు సైజు వయొలిన్ కొనిపించారు. వయొలిన్లు సాధారణంగా 1/16 నుంచి 1/8, 1/4, 1/2, 3/4 మీదుగా నిండు సైజు వరకు ఉంటాయి. చేతిని పక్కకు చాపి మెడ మొదలు నుంచి అరచేతి మధ్య వరకు కొలిచి సైజు నిర్ణయించాలి. వాయిద్యాన్ని నిలిపినప్పుడు మోచేయి సుఖంగా వంగి ఉండగానే వేళ్లు తలను చుట్టగలగాలి. మా అమ్మాయికి మోచేయి బిర్రుగా చాచితే తప్ప అందేది కాదు. చెప్పులు ఒక సైజు పెద్దవి కొన్నట్టు వయొలిన్ కొనకూడదని, అర సైజు వాయిద్యం అద్దెకు తీసుకుని ఏడాది వాడి మార్చుకోమని సలహా ఇచ్చారు. పైగా ఆ పాత వయొలిన్‌కు బ్రిడ్జి ఎత్తుగా ఉండడం వల్ల తీగలు ఫింగర్‌బోర్డుకు చాలా పైన నిలిచి, వాటిని నొక్కడానికే పిల్ల బలమంతా ఖర్చయ్యేదట. వాయిద్యం కొన్నవెంటనే తెలిసిన పనివాడి చేత బ్రిడ్జి, బిరడాలు సరిచేయించుకోవాలన్న సంగతే మాకు అంతవరకూ ఎవరూ చెప్పలేదు. తమ దగ్గరే కొనాలని షరతు పెట్టే చోట్ల విషయంలో జాగ్రత్తగా ఉండండి.

రెండోది నా గురించి. “అమ్మా, ఇంటి దగ్గర మీరు పాఠం వినొద్దు. ఈ బొటనవేలు ఒక్కటే చూస్తూ కూర్చోండి. రోజూ పది నిమిషాలు చాలు. ప్రతి పాఠానికీ మీరూ రావాలి” అన్నారు. జపాన్‌కు చెందిన షినిచి సుజుకి (1898-1998) పిల్లలు మాతృభాష నేర్చుకున్నట్టే సంగీతమూ నేర్చుకోగలరన్న నమ్మకంతో రూపొందించిన పద్ధతిలోనూ తల్లో తండ్రో పాఠంలో కూర్చోవడం, ఇంట్లో వాళ్లే దగ్గరుండి సాధన చేయించడం ముఖ్యమైన భాగం. మాస్టారు ఆ పద్ధతి అనుసరిస్తారని కాదు గాని, అనుభవం ఇద్దరినీ ఒకే చోటికి చేర్చిందని నాకనిపించింది. వారంలో ఒక్కరోజు 40 నిమిషాలు గురువు చూస్తారు. మిగిలిన ఆరు రోజులూ చూసేది ఇంట్లోవాళ్లు. తల్లిదండ్రులను గది బయటే ఉంచే చోట ఆ ఆరు రోజుల సాధనను ఎవరు కాపాడాలో నాకు అర్థం కాదు.

ఇప్పుడు ఎవరైనా నన్ను అడిగితే, చేరబోయే చోట రెండో ఏడాది నడుస్తున్న మామూలు విద్యార్థి వాయిస్తుండగా వినమని చెబుతాను. ప్రతి సంస్థలోనూ ముందుకు తెచ్చి చూపించే మెరికలాంటి పిల్ల ఒకరుంటారు. ఆ పిల్ల ఎక్కడ చేరినా రాణించేదే. మామూలు పిల్ల చేత ఏ పాటా కాకుండా ఒక్క తీగ మీద నిండు కమాను, ఆ తరువాత ఒక అలంకారం (తాళానికి అమర్చిన స్వరాభ్యాసం) రెండు కాలాల్లో (వేగాల్లో) వాయింపిస్తే రెండు నిమిషాల్లో అక్కడి బోధన తెలిసిపోతుంది. కీచు లేకుండా కమాను తిరిగిందా, రెండో కాలంలో స్వరాలు శ్రుతిలో నిలిచాయా, వాయించేటప్పుడు భుజాలు చెవుల దగ్గరికి ఎక్కాయా, ఇవి గమనించడానికి సంగీత జ్ఞానం అవసరం లేదు. ఆ అవకాశం ఇవ్వడానికి వెనకాడే చోట ముందుగా ఏడాది ఫీజు కట్టకండి. పరిచయ పాఠం చెప్పినవారే ఏడాది పొడవునా చెబుతారా, మధ్యలో మనిషి మారతారా అన్నది కూడా ముందే అడగాలి. మా అమ్మాయికి మొదటి చోట పది నెలల్లో ముగ్గురు మారారు, ముగ్గురూ మూడు రకాల పట్టు చెప్పారు. తప్పిపోయిన పాఠాన్ని మళ్లీ చెబుతారా లేదా అన్నది రాతపూర్వకంగా తీసుకుంటే తరువాత మాట రాదు.

పెద్దవయసులో నేర్చుకునేవారికి ఒక మాట. మాస్టారి దగ్గర ఉద్యోగాలు చేసుకుంటున్న ఇద్దరు నేర్చుకుంటున్నారు. వాళ్లకు చెబితే వెంటనే అర్థమవుతుంది, శరీరం మాత్రం ఆలస్యంగా మాట వింటుంది. పిల్లల తరగతిలో కలిపి కూర్చోబెట్టే చోట వాళ్లు చేరకపోవడమే మంచిది.

మేము చేరిన చోటులోనూ నాకు నచ్చనివి ఉన్నాయి. మాస్టారు వేళ పాటించరు. ముందు విద్యార్థికి పట్టు కుదరకపోతే మా పాఠం పావుగంట, ఒక్కోసారి అరగంట ఆలస్యమవుతుంది, నిజానికి మా వంతు వచ్చినప్పుడు మాకూ అంతే సమయం ఇస్తారు గనుక ఎక్కువ ఫిర్యాదు చేయలేను. కచేరీలకు వెళ్లే నెలల్లో రెండేసి వారాలు పాఠాలుండవు. ఏ నెలలో ఎక్కడికి చేరుతామో రాసి ఇచ్చే ప్రణాళిక లేదు, దాంతో మొదటి నాలుగు నెలలూ అమ్మాయి ముందుకు వెళుతోందా లేదా అని ఇంట్లో అందరూ సందేహపడ్డారు. వేదిక మీద వాయించే అవకాశం ఈ 14 నెలల్లో ఒక్కసారే వచ్చింది. నలుగురి ముందు వాయిస్తే పిల్లలకు ధైర్యం వస్తుందని నా నమ్మకం, ఆ విషయంలో పాత సంస్థే మెరుగు. పరీక్షలు, పత్రాలు కోరేవారికి ఈ చోటు సరిపోదు.

అమ్మాయి ఇప్పుడు జంట స్వరాలు, అలంకారాలు దాటి గీతాలలో ఉంది. పాత సంస్థలో తనతోపాటు చేరినవాళ్లు వర్ణాల దాకా వెళ్లారని విన్నాను, ఇప్పుడా సంగతి తనకు పట్టడం లేదు. మొన్న ఒకరోజు నేను వేరే పనిలో ఉండగా లోపలి గదిలోంచి మధ్య షడ్జం నిండుగా వినిపించి, మధ్యలో ఆగిపోయింది. వెళ్లి చూస్తే వయొలిన్ ఒడిలో పెట్టుకుని, కమాను పట్టిన చేతిని అద్దానికి దగ్గరగా తెచ్చి బొటనవేలి కణుపు చూసుకుంటోంది. బిగుసుకుందని తనకే తెలిసి ఆపిందట. వచ్చే ఏడాదికి కూడా మేము అక్కడే కొనసాగిస్తున్నాము.